స్టాండు మీదున్న ఫ్లాష్ పవర్ కెమెరా దగ్గర్నుంచే మార్చాలంటే ఏ ట్రిగ్గర్ తీసుకోవాలి?

శ్రీను_తణుకు:

అందరికీ నమస్తే. పెళ్లిళ్లకి స్టిల్స్ తీస్తుంటాను. నా దగ్గర గోడాక్స్ టీటీ600 ఫ్లాష్‌లు రెండున్నాయి. ఒకటి మండపానికి ఎడమపక్క స్టాండు మీద తెల్ల గొడుగుతో పెడతాను, రెండోది వెనకాల పూల డెకరేషన్ పక్కన కనపడకుండా పెడతాను, పెళ్లికూతురి జడ మీద, భుజాల మీద సన్నగా వెలుగు పడాలని. ట్రిగ్గర్లు మాత్రం ఎప్పుడో కొన్న చవక రకం, కెమెరా మీద ఒకటి, ప్రతి ఫ్లాష్ కిందా ఒకటి. క్లిక్ కొడితే ఫ్లాష్ ఫైర్ అవుతుంది, అంతవరకే. పవర్ పెంచాలన్నా తగ్గించాలన్నా స్టాండు దగ్గరికి వెళ్లాల్సిందే. జీలకర్ర బెల్లం టైములో మండపం చుట్టూ జనం ఎలా మూగుతారో మీకు తెలుసు కదా, పీటల వెనకున్న ఫ్లాష్ దగ్గరికి వెళ్లాలంటే పంతులుగారినీ మేనమామనీ సన్నాయి వాళ్లనీ దాటుకుని వెళ్లాలి, ఈలోపు అక్కడ అసలు ఘట్టం అయిపోతుంది.

ఈ మధ్య కెమెరా మార్చాను, కెనాన్ నుంచి సోనీ ఏ7 త్రీకి. ఎలాగూ కొత్త ట్రిగ్గర్ కొనాలి కాబట్టి పవర్ కూడా కంట్రోల్ అయ్యేది తీసుకుందామని. గోడాక్స్ వాళ్ల ఎక్స్‌ప్రో ట్రిగ్గర్ కొంటే ఈ పాత టీటీ600లే పనికొస్తాయా? షాపాయన "సోనీకి టీటీ600ఎస్ వేరే ఉంటుంది, ఇవి పనికిరావు" అంటున్నాడు. ఇంకొకాయన "మాన్యువల్ ఫ్లాష్‌లు తీసేసి టీటీఎల్ (కెమెరాయే ఫ్లాష్ పవర్ నిర్ణయించే పద్ధతి) ఉన్నవి కొనుక్కో, పవర్ గొడవే ఉండదు" అంటున్నాడు. ఇంకోటి, పగలు పందిట్లో షట్టర్ స్పీడ్ 1/500 పెడితే ఫోటోలో ఒకపక్క నల్లపట్టీ వస్తోంది, అది ట్రిగ్గర్ వల్లా, ఫ్లాష్ వల్లా? బడ్జెట్ పెద్దగా లేదు, ముహూర్తాలు మొదలయ్యేలోపు సర్దుకోవాలి.

లెన్సుబాబాయ్:

శ్రీనూ, నువ్వు కొనాల్సింది ఒక్క ట్రిగ్గరే. ఫ్లాష్‌లు అమ్మకు.

ఇప్పుడు నీ దగ్గరున్న ట్రిగ్గర్ గాల్లోకి పంపేది ఒకటే కబురు, "కొట్టు" అని. ఎంత పవర్‌తో కొట్టాలన్నది ఆ కబురులో ఉండదు, అది ఫ్లాష్ వెనక నువ్వు చేత్తో పెట్టిన అంకె. ఫ్లాష్ కాలు మధ్యలో ఉన్న పెద్ద పిన్నుకి సిగ్నల్ తగిలితే ఏ ఫ్లాష్ అయినా ఫైర్ అవుతుంది, ఆ చవక రిసీవర్లు చేసేది ఆ ఒక్క పని. పవర్ సంగతి కూడా చెప్పాలంటే ఫ్లాష్ లోపల ఆ భాష తెలిసిన రేడియో ఉండాలి. నీ టీటీ600లో అది ముందు నుంచీ ఉంది, 2.4 గిగాహెర్ట్జ్ మీద నడిచే గోడాక్స్ ఎక్స్ సిస్టమ్. లోపల రిసీవర్ ఉన్న ఫ్లాష్ కింద ఇంకో రిసీవర్ తగిలించి వాడుతున్నావన్నమాట. ఆ రెండూ తీసి పక్కన పెట్టు, స్టాండు మీద బరువు కూడా తగ్గుతుంది.

టీటీ600ఎస్ విషయంలో షాపాయన సగం నిజం చెప్పాడు. ఎస్‌కీ మామూలుదానికీ తేడా కింద కాలులో ఉంది, సోనీ కెమెరా నెత్తిన నేరుగా తగిలించుకోవాలంటే ఎస్ కావాలి. స్టాండు మీద కూర్చునే ఫ్లాష్ కాలు ఏ కంపెనీ కెమెరాదైతే మనకేంటి, అది మాట్లాడేది రేడియోతో. కెమెరా మీద కూర్చునే ట్రిగ్గర్ మాత్రం సోనీదే అయ్యుండాలి, అంటే ఎక్స్‌ప్రో-ఎస్. కెనాన్‌కి సి, నికాన్‌కి ఎన్, ఫూజీకి ఎఫ్. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా ఆన్‌లైన్‌లో కొన్నా డబ్బా మీద ఆ అక్షరం చూసుకుని తీసుకో. బడ్జెట్ బాగా తక్కువైతే ఎక్స్2టీ-ఎస్ కూడా సరిపోతుంది, అందులో గ్రూపులు (ఒకే పవర్ అంకెతో నడిచే ఫ్లాష్‌ల గుంపులు) ఐదే, నీకు కావాల్సినవి రెండు. కానీ ఎక్స్‌ప్రో స్క్రీను పెద్దది, గ్రూపులకి పక్కనే విడివిడిగా బటన్లుంటాయి, చీకట్లో చూడకుండా నొక్కొచ్చు. ఆ ఒక్క కారణానికే నేను దానికి ఓటేస్తాను.

సెట్టింగ్ సంగతి. ఫ్లాష్ వెనక వైర్‌లెస్ బటన్ నొక్కుతూ వెళ్తే రేడియో స్లేవ్ మోడ్, అంటే ట్రిగ్గర్ మాట వినే మోడ్, వస్తుంది, దాంట్లో పెట్టు. ట్రిగ్గర్‌లో ఏ ఛానల్ ఉందో రెండు ఫ్లాష్‌లలోనూ అదే ఛానల్ పెట్టు. గొడుగు ఫ్లాష్ ఎ గ్రూపు, వెనకది బి గ్రూపు. ట్రిగ్గర్‌లో రెండు గ్రూపులూ మాన్యువల్‌లో ఉంచు, టీటీ600కి టీటీఎల్ లేదు కాబట్టి ఆ గ్రూపుని టీటీఎల్‌లో పెడితే పని జరగదు. ఇక్కడినుంచి ఫ్లాష్ వెనక ఉన్న డయల్ తిప్పి ప్రయోజనం లేదు, ట్రిగ్గర్ ఏ అంకె పంపితే అదే. ఎ ఎంచుకుని డయల్ తిప్పితే ఎ మారుతుంది, ఏ గ్రూపూ ఎంచుకోకుండా తిప్పితే అన్నీ కలిసి అదే తేడాతో పైకో కిందకో వెళ్తాయి. ఇది మాత్రం బంగారం లాంటి సదుపాయం, ఎందుకంటే గొడుక్కీ వెనక లైటుకీ మధ్య నువ్వు ఒకసారి కుదుర్చుకున్న తూకం చెడదు.

పవర్ అంకెల లెక్క బుర్రలో ఉంటే చేయి దానంతటదే తిరుగుతుంది. 1/8 నుంచి 1/4కి వెళ్తే వెలుగు రెట్టింపు, అంటే ఒక స్టాప్. 1/128 నుంచి 1/1 దాకా మొత్తం ఏడు స్టాప్‌లు, మధ్యలో మూడో వంతు మెట్లు ఉంటాయి. దూరం లెక్క ఇంకా ముఖ్యం. ఫ్లాష్ నుంచి జంట 2 మీటర్లలో ఉన్నప్పుడు 1/16 సరిపోయిందనుకో, వాళ్లు లేచి 4 మీటర్ల దూరానికి వెళ్తే అదే వెలుగుకి 1/4 కావాలి, నాలుగు రెట్లు. 2 నుంచి 2.8 మీటర్లకి జరిగినా ఒక స్టాప్ పోతుంది. పీటల మీద నుంచి లేచి ఏడడుగులు నడిచేటప్పుడు, అప్పగింతలకి మండపం దిగేటప్పుడు తేడా వచ్చేది ఇందుకే. ట్రిగ్గర్ చేతిలో ఉంటే వాళ్లు లేస్తున్నప్పుడే రెండు స్టాప్‌లు పెంచేస్తావు.

ఇక నల్లపట్టీ. అది ట్రిగ్గర్ తప్పూ కాదు, ఫ్లాష్ తప్పూ కాదు. నీ ఏ7 త్రీ సింక్ స్పీడ్, అంటే మామూలుగా ఫ్లాష్‌తో వాడగలిగే గరిష్ఠ షట్టర్ స్పీడ్, 1/250. అంతకన్నా వేగంగా వెళ్తే షట్టర్ తెరలు రెండూ కలిసి ఒక సందులా సెన్సర్ మీదుగా జారతాయి, సెన్సర్ ఏ క్షణంలోనూ మొత్తం తెరుచుకుని ఉండదు, ఫ్లాష్ కొట్టిన క్షణాన తెర అడ్డమున్న భాగం నల్లగా పడుతుంది. ఎక్స్‌ప్రోతో టీటీ600 హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ సింక్)లో పనిచేస్తుంది, ట్రిగ్గర్‌లో అది ఆన్ చేస్తే 1/500 ఏంటి 1/4000 అయినా పట్టీ రాదు. కాకపోతే ఫ్లాష్ ఒక్క దెబ్బగా కాకుండా షట్టర్ జారినంతసేపూ చిన్నచిన్న దెబ్బలుగా వెలుగుతుంది కాబట్టి బలం బాగా పడిపోతుంది, రెండు స్టాప్‌లో అంతకంటే ఎక్కువో పోయాయనుకునే దిగు. పందిట్లో నీడే కాబట్టి నెట్టుకురావచ్చు. మిట్టమధ్యాహ్నం ఎండలో గొడుగు పెట్టి టీటీ600తో హెచ్ఎస్ఎస్ అంటే మాత్రం ఆశ పెట్టుకోకు, అక్కడ ఏడీ200 లాంటి ఎక్కువ బలమున్న ఫ్లాష్ కావాలి. అది కూడా ఎక్స్ సిస్టమే, ఇదే ట్రిగ్గర్‌తో నడుస్తుంది.

పద్మ_స్టిల్స్:

బాబాయ్ గారు చెప్పినదానికి దాదాపు ఒప్పుకుంటాను కానీ టీటీఎల్‌ని అలా తీసిపారేయనక్కర్లేదు. శ్రీను గారూ, మీరు ఒక్కరే తీస్తారా, అసిస్టెంట్ ఉంటారా? నేను ఒక్కదాన్నే వెళ్లే ఫంక్షన్లు చాలా ఉంటాయి. ఎదురుకోళ్లు, గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్‌లో అక్షింతలు వేయడానికి వచ్చేవాళ్లు, ఇలా జనం నా ముందుకు వస్తూ పోతూ ఉన్నప్పుడు ప్రతి ఫ్రేముకీ దూరం మారుతుంది. అక్కడ కెమెరాయే ముందు చిన్న ఫ్లాష్ కొట్టి చూసుకుని పవర్ నిర్ణయించుకోవడం చాలా సుఖం.

కానీ అదే టీటీఎల్ పెళ్లిపీటల మీద బోల్తా కొడుతుంది, అది కూడా చెప్పాలి. మన పెళ్లిళ్లలో వధూవరులు మధుపర్కాలు కట్టుకుంటారు, తెల్లచీర, తెల్లపంచె. ఫ్రేములో సగం పైగా తెలుపే ఉంటుంది. కెమెరా మీటరుకి అది తెల్లబట్ట అని తెలియదు, వెలుగు ఎక్కువైందనుకుని ఫ్లాష్‌ని తగ్గించేస్తుంది, మొహాలు మాడిపోతాయి, చీర బూడిదరంగులో పడుతుంది. అడ్డుతెర పట్టుకున్నప్పుడు ఇంకా దారుణం, తెర ఉన్నంతసేపు ఒక ఎక్స్‌పోజర్, తెర దించిన మరుక్షణం ఇంకోటి, ఆల్బమ్‌లో పక్కపక్కన పెట్టాల్సిన రెండు ఫోటోలు రెండు వేర్వేరు పెళ్లిళ్లవిలా ఉంటాయి. నేనైతే టీటీఎల్‌కి ప్లస్ 0.7 నుంచి ప్లస్ 1 స్టాప్ దాకా కాంపెన్సేషన్ ఇస్తాను, అంటే కెమెరా లెక్కమీద అంత పెంచుతాను, రిసెప్షన్‌లో వరుడు నల్లసూటు వేసుకున్నప్పుడు మైనస్‌లోకి తెస్తాను.

ఎక్స్‌ప్రోలో టీసీఎం అని ఒకటుంది, దాన్ని చాలామంది ముట్టుకోరు. టీటీఎల్‌లో ఒక ఫోటో తీసి బాగుందనుకుంటే టీసీఎం నొక్కితే ఆ ఫ్లాష్ ఎంత పవర్‌తో కొట్టిందో అదే మాన్యువల్ అంకెగా మారి కూర్చుంటుంది. ఇక అక్కడినుంచి మాన్యువలే, మధుపర్కాలొచ్చినా తెర వచ్చినా కదలదు. దీనికి టీటీఎల్ ఉన్న ఫ్లాష్ కావాలి, టీటీ685 గానీ వీ860 గానీ. మీరు ఇప్పుడే కొనక్కర్లేదు, తర్వాత ఎప్పుడైనా మూడో ఫ్లాష్ కొనేటప్పుడు మామూలుది కాకుండా టీటీఎల్‌ది తీసుకోండి. అదీ స్టాండు మీదికే అయితే సోనీదే అవ్వాలని లేదు, సెకండ్ హ్యాండ్‌లో కెనాన్ కాలున్నది దొరికినా స్లేవ్‌గా ఎక్స్‌ప్రో-ఎస్ మాట వింటుంది.

లెన్సుబాబాయ్:

పద్మగారూ, మధుపర్కాల ఉదాహరణ మీరే ఇచ్చి మీ వాదన మీరే ఓడగొట్టుకున్నారు :) స్టాండు కదలదు, పీటలు కదలవు, రెండున్నర గంటలు ఇద్దరూ అక్కడే కూర్చుంటారు. కదలని చోట మీటరు ఎందుకు? ముహూర్తానికి గంట ముందు ఎవర్నో ఒకర్ని పీటల మీద కూర్చోబెట్టి రెండు టెస్టులు తీసుకుంటే అంకె దొరుకుతుంది.

పద్మ_స్టిల్స్:

పీటల దగ్గర మాన్యువలే అని నేనూ అన్నాను కదండీ. ఎదురుకోళ్లలో మీరు నడుస్తూ, వాళ్లు నడుస్తూ, అసిస్టెంటు కర్రకి ఫ్లాష్ కట్టుకుని మీ వెంట నడుస్తున్నప్పుడు డయల్ తిప్పుతూ కూర్చోండి చూద్దాం.

వీడియో_రాజు:

స్టిల్స్ వాళ్లందరికీ ఒక వీడియోవాడి విన్నపం. మీరు ఫ్లాష్ కొట్టినప్పుడల్లా మా ఫుటేజీలో సగం ఫ్రేము తెల్లగా, సగం మామూలుగా పడుతుంది, సెన్సర్ వరసలు ఒకదాని తర్వాత ఒకటి చదువుకుంటూ పోతుంది కాబట్టి. అది మేం ఆపలేం. కనీసం తాళి కట్టేటప్పుడు సెకనుకి పది ఫ్రేముల చొప్పున బాదకండి. మా ఎల్ఈడీ లైటు మండపం మీద ఎలాగూ ఉంటుంది, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని పట్టే సున్నితత్వం) పెంచుకుని ఫ్లాష్‌ని 1/32కో 1/64కో దించితే మాక్కూడా అంత కొట్టొచ్చినట్టు కనపడదు.

వెలుగునీడ:

రాజు గారి మాట వీడియో కోసమే కాదు, స్టిల్స్‌కీ మంచిదే. చాలామంది ఐఎస్ఓ 100 దగ్గర గుడ్డిగా ఆగిపోయి ఫ్లాష్‌ని 1/2లో పెట్టి వాడతారు. ఐఎస్ఓ 100 నుంచి 800కి మూడు స్టాప్‌లు, అంటే 1/2లో ఉన్న ఫ్లాష్ 1/16కి దిగుతుంది, ఎక్స్‌పోజర్ మారదు. ఏ7 త్రీలో 800 అంటే గ్రెయిన్ గురించి ఆలోచించాల్సిన పనే లేదు. ఫ్లాష్ రీసైకిల్ దాదాపు వెంటనే అవుతుంది, వేడెక్కదు, సెల్స్ రెట్టింపు కాదు అంతకన్నా ఎక్కువే వస్తాయి, పైగా డెకరేషన్ దీపాలు, సీరియల్ సెట్లు కూడా ఫోటోలో బతుకుతాయి. 1/2లో పెట్టి వరసగా కొట్టేటప్పుడు నాలుగో ఫోటో చీకటిగా వచ్చిందంటే చాలాసార్లు ట్రిగ్గర్ మిస్సవ్వలేదు, ఫ్లాష్ నిండకముందే మళ్లీ కొట్టమన్నారు, ఉన్నంతలో కొట్టింది.

సోనీకి కొత్త కాబట్టి ఇంకో రెండు చెప్తాను, ఇవి తెలియక ట్రిగ్గర్ పాడైందని వెనక్కి ఇచ్చేవాళ్లున్నారు. సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే ఏ7 త్రీలో ఫ్లాష్ ఫైర్ కాదు. మంత్రాల టైములో చప్పుడు రాకూడదని సైలెంట్ పెట్టి మర్చిపోతారు. రెండోది, మాన్యువల్ మోడ్‌లో ఎఫ్5.6, 1/200 పెట్టి వ్యూఫైండర్‌లో చూస్తే ఫంక్షన్ హాల్లో అంతా చీకటిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఫ్లాష్ లేకుండా ఎలా ఉంటుందో అది చూపిస్తోంది. మెనూలో లైవ్ వ్యూ డిస్‌ప్లే అనేదాన్ని సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్ చేస్తే మామూలుగా కనపడుతుంది.

ఫ్లాష్ వెలుగుని అపర్చరూ ఐఎస్ఓ మారుస్తాయి, సింక్ స్పీడ్ లోపల ఉన్నంతవరకు షట్టర్ మార్చదు. హాలు వెలుగు ఎక్కువైందనిపిస్తే షట్టర్ 1/100 నుంచి 1/200కి వెళ్లండి, మొహం మీద ఫ్లాష్ అలాగే ఉంటుంది, వెనకున్న హాలు మాత్రం ఒక స్టాప్ తగ్గుతుంది. మొహం ఒక్కటే తేడాగా ఉంటే ట్రిగ్గర్ డయల్.

స్టూడియో_ఖమ్మం:

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మా స్టూడియోలో గోడాక్స్ ఎస్‌కే400 పాత మోడల్ లైట్లున్నాయి, పాస్‌పోర్ట్ ఫోటోలకీ ఫ్యామిలీ ఫోటోలకీ. ఎక్స్‌ప్రో కొంటే అవి కూడా దీనితోనే తగ్గించుకోవచ్చా?

లెన్సుబాబాయ్:

ఎస్‌కే400 టూ అయితే రేడియో లోపలే ఉంటుంది, ఛానలూ గ్రూపూ కలిపితే చాలు. పాతదానికి లోపల లేదు. పక్కన యూఎస్‌బీ ఆకారంలో వైర్‌లెస్ పోర్ట్ ఉంటే ఎక్స్‌టీఆర్-16 అనే చిన్న రిసీవర్ గుచ్చితే పవర్ కూడా మారుతుంది. సింక్ వైరు పెట్టుకుంటే మాత్రం ఫైర్ అవడం వరకే. ఇంకోటి, ట్రిగ్గర్ స్క్రీను మీద 1/128 దాకా దిగుతుంది కదా అని ఆశపడకు, ఆ లైటు 1/16 కంటే కిందకి దిగదు. ఇంకా తగ్గాలంటే లైటుని వెనక్కి జరపాలి, లేకపోతే ముందు ఇంకో డిఫ్యూజర్ గుడ్డ కట్టాలి.

డాలస్_తెలుగోడు:

ఇక్కడ అమెరికాలో కొనేవాళ్లెవరైనా చదువుతుంటే, అడోరమా వాళ్లు ఇవే లైట్లని ఫ్లాష్‌పాయింట్ ఆర్2 పేరుతో అమ్ముతారు. పేరు వేరు, లోపల సిస్టమ్ అదే. ఇండియా వెళ్లినప్పుడు కజిన్ పెళ్లిలో నా ఫ్లాష్‌పాయింట్ ట్రిగ్గర్‌తో అక్కడి ఫోటోగ్రాఫర్ గోడాక్స్ ఫ్లాష్‌లు వాడుకున్నాను, ఏ ఇబ్బందీ రాలేదు.

శ్రీను_తణుకు:

అందరికీ చాలా థాంక్స్. ఎక్స్‌ప్రో-ఎస్ తీసుకున్నాను, టీటీ600లు రెండూ బాబాయ్ చెప్పినట్టే ఎ, బి పెట్టాను. స్నాతకం దగ్గర్నుంచి ముహూర్తం దాకా ఒక్కసారి కూడా స్టాండు దగ్గరికి వెళ్లలేదు. ఐఎస్ఓ 800, ఎ 1/16, బి 1/64. హెచ్ఎస్ఎస్ కూడా పందిట్లో చూశాను, పట్టీ పోయింది.

కానీ తలంబ్రాల దగ్గర విచిత్రంగా జరిగింది. నేను కెమెరా ముట్టుకోకుండానే ఫ్లాష్‌లు రెండూ వాటంతటవే ఫైర్ అవుతున్నాయి. నేను నొక్కినప్పుడు ఒక్కోసారి ఫైర్ కావడం లేదు. కొన్ని ఫోటోలు కాలిపోయినట్టు తెల్లగా వచ్చాయి, ట్రిగ్గర్‌లో చూస్తే 1/16 అనే ఉంది. హాల్లో పెద్ద ఎల్ఈడీ వాల్ ఉంది, వైఫై ఉంది, వాటివల్ల అంటారా? లేకపోతే పీస్ ఏమైనా తేడానా, రిటర్న్ ఇవ్వడానికి ఇంకా టైముంది.

పద్మ_స్టిల్స్:

రిటర్న్ ఇవ్వకండి. ఒక్క ప్రశ్న. మగపెళ్లివారు వాళ్ల ఫోటోగ్రాఫర్‌ని వేరే తెచ్చుకున్నారా?

శ్రీను_తణుకు:

అవునండీ, భీమవరం నుంచి వచ్చారు. ముహూర్తం అయ్యేదాకా వీడియో వాళ్లే ఉన్నారు, స్టిల్స్ ఆయన దారిలో లేటై తలంబ్రాలకి వచ్చాడు. ఆయనా గోడాక్సే.

పద్మ_స్టిల్స్:

అయితే మీ ఫ్లాష్‌లు ఆయన ట్రిగ్గర్ మాట విన్నాయి. ఇద్దరూ డబ్బాలోంచి తీసినట్టే ఛానల్ 1లో ఉండి ఉంటారు. ఆయన క్లిక్ కొట్టిన ప్రతిసారీ మీ లైట్లు కూడా ఫైర్ అవుతాయి. మీరు నొక్కే క్షణానికి అవి ఇంకా నిండుతూ ఉంటే మీకు వెలుగు రాదు. అంతకన్నా ముఖ్యం, మొదట్లో బాబాయ్ గారు చెప్పింది గుర్తు చేసుకోండి, స్లేవ్‌లో ఉన్న ఫ్లాష్ ట్రిగ్గర్ ఏ అంకె పంపితే అది తీసుకుంటుంది. ఆయన ఎ గ్రూపు 1/2లో పెట్టుకుని ఉంటే మీ గొడుగు ఫ్లాష్ కూడా 1/2తోనే కొడుతుంది, అదీ సరిగ్గా మీ షట్టర్ తెరుచుకున్నప్పుడు ఆయన నొక్కాడనుకోండి, మీ ఫోటో తెల్లగా కాలిపోతుంది. మీ స్క్రీను మీద 1/16 అనే ఉంటుంది, ఎందుకంటే ట్రిగ్గర్ పంపడమే కానీ ఫ్లాష్ దగ్గర్నుంచి అడిగి తెలుసుకోదు. ఎల్ఈడీ వాల్‌వల్ల ఫ్లాష్ మిస్ అవ్వచ్చేమో గానీ పవర్ మారదు. ఆయన ఫోటోల్లో కూడా మీ వెనక లైటు పడి ఉంటుంది, ఆయన ఇంటికెళ్లి ఏమనుకున్నాడో!

ఇద్దరు ఫోటోగ్రాఫర్లుండే పెళ్లి మన దగ్గర మామూలు విషయం, అందుకే ఐడీ వాడుకోవాలి. ఛానల్స్ 32 ఉంటాయి, ఐడీ 1 నుంచి 99 దాకా పెట్టుకోవచ్చు. ఛానలూ ఐడీ రెండూ కలిస్తేనే ఫ్లాష్ వింటుంది. ఛానల్ 17, ఐడీ 63 లాంటిది ఏదో ఒకటి పెట్టుకోండి, 1, 5, 10 లాంటివి అందరూ పెట్టుకుంటారు. పాత టీటీ600లో ఐడీ సెట్టింగ్ కనపడకపోతే ట్రిగ్గర్‌లో కూడా ఐడీ ఆఫ్ చేసి ఛానల్ ఒక్కటే మార్చుకోండి, ఫ్లాష్‌లో లేనిది ట్రిగ్గర్‌లో పెడితే మీ మాటే వినదు.

వెలుగునీడ:

దీనికి తోడు ట్రిగ్గర్‌లో స్కాన్ అని ఉంటుంది, చుట్టూ రద్దీ తక్కువున్న ఛానల్స్ అదే వెతికి చూపిస్తుంది. హాలుకి వెళ్లగానే అది చేసి, వచ్చినవాటిలో ఒకటి పెట్టుకోండి. 2.4 గిగాహెర్ట్జ్ మీదే వైఫై, బ్లూటూత్ అన్నీ ఉంటాయి, పైగా మనిషి ఒంట్లో నీరే ఎక్కువ కాబట్టి జనం మధ్యలోంచి ఈ సిగ్నల్ సరిగ్గా పోదు. ఫ్లాష్ జనం తలలకంటే పైన ఉంటే చాలా మిస్‌లు పోతాయి. మీ వెనక లైటు పూల మధ్యలో కిందకి దాచారన్నారు, దాన్ని ఇనప ఫ్రేముకి ఆనించకుండా కొంచెం పైకి కట్టండి. ఇంకో వింత, ట్రిగ్గర్‌కి మరీ దగ్గరగా ఫ్లాష్ ఉన్నా ఫైర్ కాకపోవచ్చు. సిగ్నల్ దూరం సెట్టింగ్ 1 నుంచి 100 మీటర్లు అని ఉంటే 0 నుంచి 30కి మార్చండి, పెళ్లి హాలుకి అది చాలు.

లెన్సుబాబాయ్:

అప్పుడు ఎస్1, ఎస్2 పెట్టి కంటి స్లేవ్‌గా వాడదామనే ఆలోచన కూడా ఎవరైనా చెప్తారు, వినకు. అది రేడియో వినదు, వెలుగు చూస్తుంది, పక్కన ఎవరి కెమెరా ఫ్లాష్ కొట్టినా నీ లైటు కూడా కొడుతుంది.

శ్రీనూ, ఇంకోసారి రెండో ఫోటోగ్రాఫర్ వస్తే నువ్వే వెళ్లి "అన్నా, మీది ఏ ఛానల్" అని ముందే అడుగు. ఎవరూ ఏమీ అనుకోరు, ఆయన లైట్లు కూడా బాగుపడతాయి. ఛానల్ మార్చేది ట్రిగ్గర్‌లో ఒక్కచోట కాదు, రెండు ఫ్లాష్‌లలోనూ, అదీ మండపం ఖాళీగా ఉన్నప్పుడే. పూల వెనక ఉన్నదాన్ని ముందు మార్చు.

శ్రీను_తణుకు:

భీమవరం ఆయనకి ఇప్పుడే ఫోన్ చేశా. ఆయనదీ ఛానల్ 1, ఐడీ ఆఫ్. ఆయన ఫోటోల్లో పెళ్లికూతురి భుజం మీద వెలుగు చాలా బాగా వచ్చిందట, అదెలా వచ్చిందో తెలియక నన్నే అడుగుతున్నాడు.